వందేళ్ల నాటి యూరప్ వీధుల వీడియోలు నిజమైనవేనా? మామూలు జనాన్ని ఎవరు తీశారు, ఎందుకు తీశారు?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా రాస్తున్నాను. మీరు ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో చదువుకుంటున్నారు. యూట్యూబ్‌లో 1901 నాటి ఇంగ్లండ్ వీధి అంటూ రంగుల్లో, గుర్రపుబండ్ల చప్పుడుతో సహా ఒక వీడియో చూశారు. అది నిజంగా అప్పటిదేనా, రాజులనూ యుద్ధాలనూ వదిలేసి మిల్లు కూలీలనూ వీధిపిల్లలనూ ఎవరు పనిగట్టుకుని తీశారు, యూరప్‌లో ఇలాంటివి ఇంకెక్కడ చూడొచ్చు అని అడిగారు.

పాత ఫిలిం రీళ్లు శుభ్రం చేసి, చిరుగులు అతికి, స్కాన్ చేసే పనిలో నేను ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. మొదట చెన్నైలో, తర్వాత ఇంగ్లండ్‌లో. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. మీరు చూసిన వీడియోలో మనుషులు నిజం, వీధి నిజం. రంగులు నిజం కాదు, చప్పుడు నిజం కాదు, ఆ నున్నటి కదలిక కూడా నిజం కాదు.

ఎందుకో చెప్తాను. అప్పటి కెమెరాకు మోటారు లేదు. పక్కన పిడి ఉండేది. దాన్ని సెకనుకు రెండు చుట్లు తిప్పితే పదహారు ఫ్రేములు, అంటే పదహారు విడి ఫొటోలు, పడేవి. ఇప్పుడు "సిక్స్టీ ఎఫ్‌పీఎస్" అని పెట్టే వీడియోల్లో సెకనుకు అరవై ఫ్రేములుంటాయి. అంటే మీరు చూసేదాంట్లో దాదాపు నాలుగింట మూడు వంతుల ఫ్రేములు కెమెరా చూసినవి కావు. రెండు అసలు ఫ్రేముల మధ్య ఇలా ఉండి ఉండొచ్చని కంప్యూటర్ ఊహించి గీసినవి. ఒక్కోసారి చేతి వేళ్లు కరిగిపోయినట్టు, మొహం ఒక క్షణం వేరే మొహం అయినట్టు కనిపిస్తుంది కదా, అది ఆ ఊహ వల్లే.

రంగు సంగతి ఇంకా కష్టం. అప్పటి ఫిలింకు ఎరుపు సరిగ్గా కనిపించదు, నీలం మరీ ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ఎర్ర శాలువా, నల్ల శాలువా రెండూ నల్లగానే పడతాయి. నీలాకాశం తెల్లగా పాలిపోతుంది. ఆ నలుపు వెనక ఏ రంగు ఉందో చెప్పే సమాచారం రీలులోనే లేదు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బయటికి తీయలేదు. ఆ వీడియోలు పెట్టేవాళ్ల మీద నాకు కోపం లేదు, వాటివల్లే మీలాంటివాళ్లు ఈ దారికి వస్తున్నారు. కానీ వాటితోనే ఆగిపోవద్దు. పాత ఫిలింలు భద్రపరిచే ఆర్కైవ్ ఏదైనా స్కాన్ చేసి పెట్టిన అసలు బొమ్మను ఒక్కసారి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఎవరు తీశారన్న ప్రశ్న. మీరు ప్రెస్టన్‌లో ఉన్నారు కాబట్టి మీ పక్క ఊరి కథే చెప్తాను. ఈ రంగంలో ఇంతకంటే మంచి కథ నాకు తెలియదు.

ప్రెస్టన్‌కు తూర్పున రైల్లో కాసేపు వెళ్తే బ్లాక్‌బర్న్ వస్తుంది. నూలు మిల్లుల ఊరు. అక్కడ శాగర్ మిచెల్ అనే ఆయనకు ఫొటో సామాను షాపు ఉండేది. జేమ్స్ కెన్యన్ అనే ఆయనది ఫర్నిచర్ వ్యాపారం. ఇద్దరూ కలిసి 1897లో సినిమాలు తీయడం మొదలుపెట్టారు. సినిమా అంటే కథ అనుకోకండి. నిమిషం, రెండు నిమిషాలు, మహా అయితే మూడు. మిల్లు గేటు ముందు కెమెరా పెట్టి, షిఫ్టు అయిపోయి కూలీలు బయటికి వస్తుంటే తీయడం. ఊరేగింపు వెళ్తుంటే తీయడం. ఫుట్‌బాల్ మ్యాచ్ తీయడం. ట్రామ్ ముందు కెమెరా కట్టి ఊరంతా తిరగడం.

మిల్లు గేటు ఆలోచన వాళ్లది కాదు. 1895లో లూమియేర్ సోదరులు ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మొట్టమొదట తీసినవాటిలో ఒకటి తమ ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు బయటికి వచ్చే దృశ్యమే. కానీ దాన్ని ఊరూరా వ్యాపారంగా మార్చినవాళ్లు ఈ ఉత్తర ఇంగ్లండ్ మనుషులు. ఆ వ్యాపారం ఎలా నడిచిందో తెలిస్తే మీ రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మన తిరునాళ్లలో డేరా వేసి ఆట ఆడించేవాళ్లలాంటి వాళ్లు అక్కడా ఉండేవారు. ఊరూరా తిరిగే ప్రదర్శకులు. ఒక ప్రదర్శకుడు ఫలానా ఊళ్లో వారం రోజులు ఆట వేయబోతున్నాడనుకోండి. ముందుగా మిచెల్, కెన్యన్‌లకు చెప్పి ఆ ఊరి మిల్లు గేటు దగ్గర రీలు తీయించేవాడు. దాన్ని కడిగి, ఆడించడానికి నకలు, అంటే ప్రింటు, తీసి, కుదిరితే ఆ రాత్రికే, లేకపోతే ఒకటి రెండు రోజుల్లో అదే ఊళ్లో తెర మీద వేసేవాడు. "రండి, మిమ్మల్ని మీరే చూసుకోండి" అన్నదే ప్రచారం. ఎన్ని మొహాలు పడితే అన్ని టికెట్లు. కూలీ ఒక్కడే రాడు కదా, భార్యనూ పిల్లలనూ అమ్మనూ తీసుకొస్తాడు.

మామూలు జనాన్ని తీయడానికి కారణం ఇదే. చరిత్ర కోసం కాదు. రాబోయే తరాల కోసం అసలే కాదు. వారం తిరిగేసరికి పనికిరాకుండా పోయే సరుకు అది. వచ్చే వారం ఇంకో ఊరు, ఇంకో గేటు. అలాంటి సరుకే ఇవాళ మనకు అమూల్యమైంది, ఎందుకంటే ఆ కెమెరా ఎవరినీ ఏరలేదు. గేటు లోంచి ఎవరొస్తే వాళ్లు పడ్డారు. శాలువా తల మీదుగా కప్పుకుని చెక్క అడుగుల బూట్లతో నడిచే ఆడవాళ్లు, టోపీ ఎగరేసే కుర్రాళ్లు, కెమెరా వైపు ఒకసారి చూసి మొహం తిప్పేసుకునే ముసలాయన.

పిల్లల్ని ప్రత్యేకంగా గమనించండి. గేటులోంచి బయటికొచ్చే వాళ్లలో పదేళ్లూ పన్నెండేళ్లూ ఉన్నట్టు కనిపించే పిల్లలుంటారు. వాళ్లు అన్నం తేవడానికి వచ్చినవాళ్లు కారు. సగం పూట బడి, సగం పూట మిల్లు అనే పద్ధతి అప్పుడు చట్టబద్ధంగానే ఉండేది. పన్నెండేళ్లు నిండితే మిల్లులో సగం పూట పని చేయొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాకే ఆ పద్ధతి పోయింది. చరిత్ర పుస్తకంలో అది ఒక వాక్యం. రీలులో మాత్రం ఒక పిల్లవాడు పెద్దమనిషిలా జేబుల్లో చేతులు పెట్టుకుని నడుస్తూ, కెమెరా కనిపించగానే ఒక్కసారిగా పిల్లాడైపోయి గెంతుతాడు. ఈ పనిలో ఎన్నేళ్లయినా అలాంటి చోట నా చెయ్యి ఆగిపోతుంది.

కంపెనీ 1913 దాకా సినిమాలు తీసింది. తర్వాత కెన్యన్ 1925లో, మిచెల్ 1952లో పోయారు. నెగటివ్‌లు షాపు నేలమాళిగలో ఉండిపోయాయి. 1994లో ఆ పాత షాపు భవనంలో పని చేస్తున్న కూలీలకు లోహపు పీపాలు మూడు దొరికాయి. మూత తీస్తే చిన్న చిన్న రీళ్లు, ఎనిమిది వందలకు పైగా. చెత్తలోకి పోవాల్సినవి. స్థానికంగా సినిమా చరిత్ర మీద ప్రేమ ఉన్న పీటర్ వర్డెన్ అనే ఆయన చేతికి రావడం వల్ల బతికాయి. ఆయన 2000లో వాటిని బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చారు. బాగు చేయడానికి నాలుగేళ్లు పట్టింది. మొత్తం సుమారు ఇరవై ఎనిమిది గంటల బొమ్మ. 2011లో యునెస్కో వాళ్ల "మెమరీ ఆఫ్ ది వరల్డ్" బ్రిటన్ జాబితాలో చేరింది.

పనివాడిగా నాకు ముచ్చటేసే విషయం ఒకటి చెప్పాలి. దొరికినవి ప్రింట్లు కావు, కెమెరాలో నడిచిన అసలు నెగటివ్‌లు. ఊరూరా తిరిగిన ప్రింటు గీతలు పడి, చిరిగి, చివరికి బొమ్మే కనిపించనంతగా అరిగిపోతుంది. నెగటివ్ ప్రింటు తీయడానికే బయటికొస్తుంది, మళ్లీ డబ్బాలోకి వెళ్తుంది. అందుకే వాటిలో గుండీలు లెక్కపెట్టొచ్చు, షాపు బోర్డు చదవొచ్చు. నూట ఇరవై ఏళ్ల నాటిదాంట్లో అంత స్పష్టత ఏంటని అనుమానించేవాళ్లకు ఇదే జవాబు.

కానీ చదవగలిగితే చాలదు కదా, ఏ ఊరో తెలియాలి. డబ్బాల మీద వివరాలు అంతంతమాత్రం. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో జాతరలూ సంచార ప్రదర్శనల చరిత్ర కోసమే ఒక ఆర్కైవ్ ఉంది. అక్కడి వనెస్సా టూల్మిన్ ఆధ్వర్యంలో పరిశోధకులు అప్పటి స్థానిక పత్రికల్లో ఆటల ప్రకటనలూ కరపత్రాలూ వెతికి, బొమ్మలో కనిపించే షాపు పేర్లతో, గోడ మీది పోస్టర్లతో పోల్చి ఒక్కో రీలుకూ ఊరూ తేదీ పట్టుకున్నారు. స్కాన్ చేయడం యంత్రం పని. ఇది మనుషుల పని, దీనికే ఎక్కువ గౌరవం దక్కాలి.

మీ ఊరికి సంబంధించినవి కూడా అందులో ఉన్నాయి. ఈస్టర్ సోమవారం నాడు అవెన్‌హామ్ పార్కు గట్టు మీంచి రంగు గుడ్లు దొర్లించే ఆచారం ప్రెస్టన్‌లో ఇప్పటికీ ఉంది, మీరు చూసే ఉంటారు. సుమారు 1901లో మిచెల్, కెన్యన్ దాన్ని తీశారు. అదే వాలు, అదే గడ్డి, నిండా జనం. ఇరవై ఏళ్లకోసారి వచ్చే ప్రెస్టన్ గిల్డ్ ఉత్సవాన్ని 1902లో తీశారు. ముందు ఆ బొమ్మ చూసి, తర్వాత పార్కుకు వెళ్లి నిలబడండి.

మనకు సంబంధించిన మాట కూడా ఒకటి ఇక్కడే చెప్పాలి. బ్లాక్‌బర్న్ మిల్లుల్లో ఎక్కువగా నేసింది ఏమిటో తెలుసా? ధోవతులు. ఇండియా కోసమే. 1913లో బ్రిటన్ ఎగుమతి చేసిన నూలుబట్ట సుమారు 700 కోట్ల గజాలు, అందులో దాదాపు 300 కోట్ల గజాలు ఇండియాకే వచ్చింది. మన ముత్తాతలు సీమగుడ్డ అన్నది ఈ గేట్లలోంచి బయటికొచ్చిన బట్టనే. మన ఊళ్లలో మగ్గాలు మూలపడటానికి ఒక కారణం ఆ గుడ్డే. అందుకే మొదటిసారి ఆ మిల్లు గేటు రీళ్లు చూసినప్పుడు నా మనసు రెండు వైపులా లాగింది. తెర మీద ఉన్నవాళ్లు దోపిడీదారులు కారు, వాళ్లూ పొట్టకూటి కోసం పొద్దున్నే లేచి వెళ్లిన నేతవాళ్లే. 1931 సెప్టెంబరులో గాంధీ గారు బ్లాక్‌బర్న్ పక్కనే ఉన్న డార్వెన్‌కు వెళ్లారు. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల కూడా దెబ్బతిన్న మిల్లు కార్మికులను కలవడానికే వెళ్లారు. ఆయన చుట్టూ నిలబడి కేకలేస్తూ నవ్వుతున్న మిల్లు ఆడవాళ్ల ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఆ ఫొటోలోని పెద్దవయసు ఆడవాళ్లు ముప్ఫై ఏళ్ల ముందు మిల్లు గేటు దగ్గర పరుగెత్తిన పిల్లల ఈడువాళ్లే.

ఒక జాగ్రత్త. ఈ రీళ్లలో ఉన్నదంతా అనుకోకుండా పడిందని నమ్మొద్దు. జాగ్రత్తగా చూస్తే చాలాసార్లు ఒక మూల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి చేతులు ఊపుతూ కనిపిస్తాడు. ఆట వేసే ప్రదర్శకుడే. ఇటు నడవండి, కెమెరా వైపు చూడండి, ఊరికే నిలబడొద్దు అని జనాన్ని తోలుతుంటాడు. కుర్రాళ్లు కొట్టుకుంటున్నట్టు కనిపించేది ఒక్కోసారి ఆయన చెప్పి చేయించిందే. ఇదే మిచెల్, కెన్యన్ అప్పట్లో బ్రిటన్ దక్షిణాఫ్రికాలో చేస్తున్న బోయర్ యుద్ధం దృశ్యాలంటూ బ్లాక్‌బర్న్ చుట్టుపక్కల పొలాల్లో నటులతో తీశారు. అప్పటివాళ్లకు అది వినోదం. మనం సాక్ష్యంగా వాడుకోవాలంటే మాత్రం తేడా తెలుసుకోవాలి.

ఇంగ్లండ్ దాటితే ఇంకో రకం కథలున్నాయి. బాల్కన్ ప్రాంతంలో యానాకీ, మిల్టన్ మనాకీ అని ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ల సొంతూరు అవ్‌దేలా, అప్పుడు ఒట్టోమన్ సామ్రాజ్యంలో, ఇప్పుడు గ్రీసులో ఉంది. తర్వాత ఇప్పటి ఉత్తర మాసిడోనియాలోని బిటోలాలో ఫొటో స్టూడియో పెట్టుకున్నారు. 1905లో లండన్‌లో అమ్మే కెమెరా ఒకటి కొన్నారు. దాంతో మొదట తీసింది ఏమిటంటే, తమ సొంత నాయనమ్మ దెస్పినా ఉన్ని వడుకుతుంటే తీశారు. బాల్కన్ సినిమా చరిత్రంతా ఆ ముసలమ్మ చేతుల దగ్గరే మొదలవుతుంది. తర్వాత వాళ్లు సుల్తాన్ రాకను కూడా తీశారు. నాకు మాత్రం సుల్తాన్ కంటే నాయనమ్మే ముఖ్యం.

ఇక 1922 తర్వాత సంగతి మారింది. ఆ ఏడాది క్రిస్‌మస్‌కు ఫ్రాన్స్‌లో పాథే కంపెనీ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల చిన్న ఫిలింను ఇళ్లలో వాడుకునేందుకు తెచ్చింది. కెమెరా కూడా వెంటనే వచ్చింది. దాని చిల్లులు అంచుల్లో ఉండవు, రెండు ఫ్రేముల మధ్యన ఉంటాయి, చూడగానే గుర్తుపట్టొచ్చు. 1923లో కొడాక్ పదహారు మిల్లీమీటర్లది, 1932లో ఎనిమిది మిల్లీమీటర్లది తెచ్చింది. 1965లో సూపర్ ఎయిట్ వచ్చింది. అప్పటినుంచి ఊరి డాక్టరు, బడి పంతులు, షాపు యజమాని కెమెరా పట్టుకున్నారు. పెళ్లిళ్లు, పంట కోతలు, సముద్రతీరం, బడి వార్షికోత్సవం. వృత్తి కెమెరా వెళ్లని చోటికల్లా ఇది వెళ్లింది. అయితే కెమెరా కొనగలిగినవాళ్ల ఇళ్లే ఇందులో ఎక్కువ. ఈ రీళ్లు చూసి యూరప్‌లో అందరూ కారుల్లో బీచ్‌కు వెళ్లేవారనుకుంటే పొరపాటు.

ఇంటి రీలు విలువ ఎంతో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు.

1941 జూలై 22న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పెళ్లి. వధూవరులు మెట్లు దిగి కారు వైపు వస్తుంటే తీస్తున్నారు. మధ్యలో కెమెరా కొద్దిగా పైకి లేస్తుంది. పక్కింటి కిటికీలోంచి పన్నెండేళ్ల పిల్ల ఒకతె వంగి పెళ్లివాళ్లను చూస్తోంది. ఒకసారి వెనక్కి తిరిగి ఇంట్లో ఎవరితోనో ఏదో అంటుంది. కొన్ని సెకన్లే. ఆ పిల్ల ఆన్ ఫ్రాంక్, తర్వాత నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి. ఆమె కదిలే బొమ్మ ప్రపంచంలో ఇదొక్కటే ఉంది. తీసినవాళ్లకు ఆమె పక్కింటి అమ్మాయి మాత్రమే.

రెండోది పోలండ్‌లోని నాశెల్స్క్ అనే చిన్న పట్నం, వార్సాకు ఉత్తరాన. చిన్నప్పుడే అక్కడినుంచి అమెరికా వెళ్లిపోయిన ఒకాయన 1938లో యూరప్ యాత్రలో భాగంగా పుట్టిన ఊరికి వచ్చి పదహారు మిల్లీమీటర్ల కెమెరాతో మూడు నిమిషాలు తీశారు. కొంత నలుపు తెలుపు, కొంత కొడాక్రోమ్ రంగుల్లో. అవి నిజమైన రంగులు. కెమెరా చూడగానే పిల్లలందరూ ఎగబడి ముందుకొచ్చారు. మన ఊళ్లోనూ కెమెరా ముందు పిల్లలు అంతే కదా. ఒకరినొకరు తోసుకుంటూ, మొహాలు చూపిస్తూ. ఆ పట్నంలో దాదాపు మూడు వేల మంది యూదులుండేవారు. మరుసటి ఏడాది యుద్ధం వచ్చింది. చివరికి బతికినవాళ్లు వంద మంది కూడా లేరు.

2009లో ఆయన మనవడు ఫ్లోరిడాలో తల్లిదండ్రుల ఇంటి అల్మారాలో ఆ రీలు కనుక్కున్నాడు. అప్పటికే పాడైపోతోంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే దక్కేది కాదు. నాజీలు యూదులను చంపిన మారణకాండ జ్ఞాపకార్థం వాషింగ్టన్‌లో ఉన్న హోలోకాస్ట్ మ్యూజియం వాళ్లు బాగు చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. కొంతకాలానికి ఒకామె అది చూస్తూ గుంపులో ఒక పదమూడేళ్ల కుర్రాడి మొహం దగ్గర ఆగిపోయింది. అది తన తాతయ్య. ఆయన అప్పటికి ఎనభై దాటి, బతికే ఉన్నారు. ఆయన్ను కూర్చోబెట్టి చూపిస్తే, వీడు నా స్నేహితుడు, అది ఫలానావాళ్ల ఇల్లు అని ఒక్కొక్కటే చెప్పారు. అప్పటిదాకా గుంపుగా ఉన్నవాళ్లకు పేర్లు వచ్చాయి. అన్ని పేర్లూ రాలేదు. రానివాళ్లు ఇప్పటికీ ఆ మూడు నిమిషాల్లో మన వైపు చూస్తూనే ఉన్నారు.

ఇన్ని తీశారు కదా, మరి ఎందుకు ఇంత తక్కువ మిగిలాయంటే, ఫిలిం తత్వమే అంత. 1950ల మొదటిదాకా సినిమా ఫిలిం చాలావరకు నైట్రేట్ మీద తయారయ్యేది. అది గన్‌కాటన్ అనే పేలుడు పదార్థానికి దగ్గరి బంధువు. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, ఎందుకంటే మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. 1929 డిసెంబరు 31న స్కాట్లాండ్‌లోని పెయిస్లీలో ఒక సినిమా హాల్లో రీలు డబ్బా పొగలు కక్కింది. మంటలు కూడా లేవలేదు, పొగకు భయపడి పరుగెత్తిన తొక్కిసలాటలో 71 మంది పిల్లలు చనిపోయారు. అందుకే చాలామంది పాత రీళ్లను భయపడి పారేశారు. కొందరు అందులోని వెండి కోసం కరిగించారు. మిగిలినవి డబ్బాల్లోనే జిగురై, చివరికి గోధుమరంగు పొడి అయిపోయాయి. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిలిం అలా భగ్గున మండదు కానీ వెనిగర్ వాసన వేస్తూ కుంచించుకుపోతుంది. ఒక రీలుకు మొదలైతే అదే గదిలోని పక్క రీళ్లకూ పాకుతుంది. దీనికి చల్లదనం ఒక్కటే మందు. బ్రిటన్‌లో వార్విక్‌షైర్‌లోని గేడన్ దగ్గర బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ గిడ్డంగి సున్నా కంటే ఐదు డిగ్రీలు తక్కువలో ఉంటుంది, గాలిలో తేమ ముప్ఫై ఐదు శాతం మించనివ్వరు.

ఎక్కడ చూడాలన్నది ఇప్పుడు చెప్తాను.

మీకు అన్నిటికంటే దగ్గరిది మాంచెస్టర్‌లోని నార్త్ వెస్ట్ ఫిలిం ఆర్కైవ్. 1977లో మొదలైంది. లంకాషైర్ ఊళ్లన్నీ వాళ్ల పరిధిలోవే. మాంచెస్టర్ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చూసే ఏర్పాటుంది, డబ్బు కట్టక్కర్లేదు. బ్రిటన్ మొత్తానికి అయితే బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ ప్లేయర్‌లో "బ్రిటన్ ఆన్ ఫిలిం" అని 2015లో మొదలుపెట్టిన విభాగం ఉంది. మ్యాప్ మీద ఊరు నొక్కితే ఆ ఊరి రీళ్లు వస్తాయి. స్కాట్లాండ్‌కు గ్లాస్గోలోని కెల్విన్ హాల్లో నేషనల్ లైబ్రరీ వాళ్ల ఆర్కైవ్ ఉంది. అక్కడ ఒక ముచ్చటైన రకం ఎక్కువ. సినిమా హాలు యజమానులే ఊరి జాతరనూ, హాలు ముందు క్యూనూ తీసి వచ్చే వారం వేసేవారు, జనం తమను తాము చూసుకోవడానికి మళ్లీ వస్తారని. మిల్లు గేటు సూత్రమే, మరో నలభై ఏళ్లు నడిచింది.

డెన్మార్క్ వాళ్లది "డెన్మార్క్ పో ఫిలిం", అదీ మ్యాప్ పద్ధతే, చూడటానికి చాలా హాయిగా ఉంటుంది. స్వీడన్‌ది ఫిలిమార్కివెట్. ఇటలీలోని బొలోన్యాలో కేవలం కుటుంబాల రీళ్ల కోసమే ఒక జాతీయ ఆర్కైవ్ నడుస్తోంది. ఫ్రాన్స్‌లో బ్రెటన్ ప్రాంతపు సినిమాటెక్, అంటే ఫిలిం ఆర్కైవ్, కూడా ఇంటివాళ్ల రీళ్లను 1986 నుంచి సేకరిస్తోంది. నిజమైన పాత రంగులు చూడాలనుంటే ఆల్బర్ కాన్ సేకరణ చూడండి. ఆయన పారిస్ బ్యాంకరు. 1909 నుంచి 1931 దాకా సొంత డబ్బుతో యాభై దేశాలకు మనుషుల్ని పంపి 72 వేల రంగు గాజు ఫొటోలు, సుమారు వంద గంటల ఫిలిం తీయించారు. 1929 ఆర్థిక సంక్షోభంలో ఆస్తి మొత్తం పోయింది, సేకరణ మాత్రం మిగిలింది. ఆ ఫొటోల రంగులు ఎవరూ ఊహించి పూసినవి కావు, అప్పటి వెలుతురులో పడ్డవే.

ఇటలీ లూచే సంస్థవి, స్పెయిన్ నో-దో వార్తాచిత్రాలు కూడా వేలకొద్దీ ఉచితంగా దొరుకుతాయి. అయితే లూచే ముస్సోలినీ ప్రభుత్వపు నోరు, నో-దో నియంత ఫ్రాంకో ప్రభుత్వపు నోరు. అందులో పంట కోస్తున్న రైతు నవ్వుతుంటే, ఎవరు నవ్వమన్నారో ముందు ఆలోచించండి. దేశాలన్నిటినీ కలిపి వెతకాలంటే యూరోపియన్ ఫిలిం గేట్‌వే అనే సైటు ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం నాటివి అందులో చాలా ఉన్నాయి.

వెతికేటప్పుడు ఇంగ్లిషులో కాకుండా ఆ దేశపు భాషలో ఊరి పేరు కొట్టండి. వివరాలు వాళ్ల భాషలోనే రాసి ఉంటాయి.

చూసేటప్పుడు ఒక పద్ధతి పాటించండి. మొదటిసారి ఊరికే చూడండి. రెండోసారి మధ్యలో ఉన్న మనుషుల్ని వదిలేసి అంచుల్ని చూడండి, షాపు బోర్డులు, గోడ పోస్టర్లు, కిటికీలు. మూడోసారి ఒక్క మనిషిని ఎంచుకుని, ఆ మనిషి ఫ్రేములోకి వచ్చిన దగ్గరనుంచి వెళ్లిపోయేదాకా వెంట వెళ్లండి. జనం మరీ గబగబా నడుస్తున్నట్టుంటే ప్లేయర్‌లో వేగం తగ్గించండి. పదహారు ఫ్రేముల బొమ్మను ఇరవై నాలుగులో నడిపించడం వల్ల వచ్చిన హడావిడి అది. అప్పటివాళ్లు మనలాగే నడిచేవారు.

చివరగా మా ఇంటి సంగతి ఒకటి, మీకు పనికొస్తుందని. 1974లో మా పెద్ద మేనమామ పెళ్లిని ఆయన స్నేహితుడొకరు సూపర్ ఎయిట్ మీద తీశారు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారింట్లో అటక మీద ఇత్తడి సామాను పక్కన స్టీలు డబ్బాలో ఉండేది. నేను ఈ పనిలోకి వచ్చాక కూడా వచ్చే సెలవులకు తెద్దాంలే అని పదకొండేళ్లు వాయిదా వేశాను. తీరా మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంది. రీలు చక్రంలా బిగుసుకుపోయింది. అరవై అడుగుల్లో పదిహేడు అడుగులు దక్కాయి. అందులో పందిట్లో వడ్డన చేస్తున్న ఆడవాళ్లు ఐదుగురు కనిపిస్తారు. ముగ్గురెవరో అమ్మ చెప్పింది. మిగతా ఇద్దర్ని గుర్తుపట్టగలిగే అమ్మమ్మ అంతకు రెండేళ్ల ముందే పోయింది.

మీ ఇంట్లో రీళ్లు గానీ, వీడియో క్యాసెట్లు గానీ ఉంటే, స్కాన్ చేయించడం తర్వాత సంగతి, ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఏ పెళ్లి, ఏ ఏడాది, ఎవరెవరున్నారు అని ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి. డబ్బాను అటక మీద ఉంచకండి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా, పొడిగా ఉండే గదిలో పెట్టండి. అతుక్కుపోయిన రీలును ఎట్టి పరిస్థితుల్లోనూ చేత్తో లాగొద్దు, ప్రొజెక్టర్‌లో వేయొద్దు.

మీరు మాంచెస్టర్ వెళ్లి చూశాక, ప్రెస్టన్ రీళ్లలో ఏదైనా షాపు పేరో మిల్లు పేరో చదవగలిగితే ఇక్కడ రాయండి. ఆ ఏడాది ప్రెస్టన్ వ్యాపారుల డైరెక్టరీ తెరిచి ఆ షాపు ఏ వీధిలో, ఏ నంబరులో ఉండేదో ఎలా పట్టుకోవాలో చూపిస్తాను.